ఇంబిచ్చాలి చూశానన్న నెలవంక

మా బావ ఇంబిచ్చాలి ఒడ్డు మీద ఒకచోట కుదురుగా ఉండడం ఎవరూ చూడలేదు. పడవ ముందు కొసన నిలబడితే మేకు కొట్టినట్టు నిలబడేవాడు గానీ, ఇసుకలో కాలు పెట్టాడంటే ఇక ఆగడు. మా అక్క బీవాత్తు గంజి గిన్నె పట్టుకుని ఆయన వెనకాల తిరగాల్సిందే. "పెళ్లాడింది మనిషినా, గాలినా" అని నలభై ఏళ్లుగా అదే సణుగుడు. నేను ఆయన బావమరిదిని, అవరాన్‌ని. ఆయన తిట్లలో సగం నా వాటాకే వచ్చాయి. ఆయన గొప్పలు ఊరంతా చెప్పుకు తిరిగిందీ నేనే. ఈ రెండో అలవాటు ఏం తెచ్చిపెట్టిందో చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు కాబట్టి, సిగ్గు విడిచి చెబుతున్నాను.

మాది కోళిక్కోడ్‌కు ఉత్తరాన ముట్టంకడవు. కుంజిమోయి పడవలో ఇరవై మందిమి పనిచేసేవాళ్లం. చేపల గుంపు ఎక్కడుందో పసిగట్టడం బావ పని. నీళ్ల రంగు చూసి ఇవి కవళ్లు, ఇవి కానాగంతలు అని చెప్పేవాడు. ఆయన చెయ్యి పైకి లేచిందంటే ఇరవై మందీ ఊపిరి బిగబట్టేవాళ్లం. వల దించే ముందు ఆయన గట్టిగా "లా ఇలాహ ఇల్లల్లాహ్" అనేవాడు. మేమంతా "ముహమ్మదుర్ రసూలుల్లాహ్" అని అందుకునేవాళ్లం. అప్పుడే వల నీళ్లలో పడేది. అల్లా తప్ప దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన పంపిన ప్రవక్త అనే ఆ రెండు ముక్కలే మా కలిమా. మేం పుట్టగానే చెవిలో పడేది, పోయేటప్పుడు పెదాల మీద ఉండాలని కోరుకునేది అదే.

బావకు ఆ కలిమా నేర్పింది వాళ్లమ్మ. ఆయన ఎనిమిదేళ్లవాడై ఉండగా తండ్రి సముద్రంలో పోయాడు. మరుసటి ఏడే పిల్లాణ్ణి పడవ ఎక్కించాల్సి వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆవిడ ఒక్క మాట చెప్పిందట. నోట్లో ఉప్పునీళ్లు నిండేలోగా చెప్పుకోగలిగేంత చిన్నదిరా ఇది, దీన్ని మాత్రం మర్చిపోకు అని. బావ ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు. మేం ఎటో చూసేవాళ్లం.

ఆ ఏడు రంజాన్ మే నెలలో పడింది. వానలు ఇంకా రాలేదు గానీ సాయంత్రమయ్యేసరికి పడమట మబ్బు పట్టేస్తోంది. రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెల ఇరవై తొమ్మిదో సాయంత్రం ఊరంతా ఒడ్డుకు చేరాం. నెలవంక కనిపిస్తే తెల్లారి ఉపవాసం మొదలు, లేకపోతే ఇంకో రోజు ఆగాలి. పండగ నెలవంక చూశామని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలి. ఉపవాసాలు మొదలుపెట్టడానికి మాత్రం నమ్మకమైన మనిషి ఒక్కడు చూశానంటే చాలు.

పొద్దు కుంకింది. మబ్బుల మధ్య ఒకచోట చాప వెడల్పున సందు ఉంది. అందరం అటే చూస్తున్నాం. నా కళ్లు నీళ్లు కారుతున్నాయి, ఏమీ కనపడలేదు. పక్కనున్న బావ ఉన్నట్టుండి చెయ్యెత్తాడు, పడవ మీద ఎత్తినట్టే. "అదిగో" అన్నాడు. అందరూ ఆ వేలు చూపిన వైపు మెడలు సాచేలోగా మబ్బు మూసేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? మైలు దూరంలో నీటి కింద చేపను చూసే కళ్లు. అంతకు ముందు రెండుసార్లు కూడా ఊరికి నెలవంకను చూపించింది ఆయనే.

జీపు మాట్లాడుకుని పది మైళ్ల దూరంలో ఉన్న ఖాజీగారి ఇంటికి వెళ్లాం. నెల మొదలైందా, పండగ ఎప్పుడా అని మా తీరానికంతా తేల్చి చెప్పేది ఆయనే. సాక్షిగా వచ్చినవాణ్ణి ఆయన ఊరికే అడగడు. ముందు కలిమా చెప్పిస్తాడు. నేను సాక్ష్యమిస్తున్నాను అనే మాటతో మొదలుపెట్టి అల్లాను గురించి చెప్పినవాడు, అదే నోటితో, అదే ఊపిరిలో నెలవంక గురించి కూడా చెప్పాలి. లోపలికి బావ ఒక్కడే వెళ్లాడు. ఏ వైపు చూశావు, కొమ్ములు ఎటున్నాయి, ఎంతసేపుంది అని అడిగారట. కళ్లు ఎలా ఉన్నాయనీ అడిగారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

బయట జీపు చుట్టూ జనం మూగారు. ఎవరో నన్ను అడిగారు, నువ్వు కూడా చూశావా అని. నాకు ఆ రోజు ఒళ్లు తెలియలేదు. మా బావ లోపల ఖాజీగారి ఎదుట కూర్చున్నాడు, నేను జీపు బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాను. "ఆయన పక్కన నిలబడి చూడనివాడు ఎవడుంటాడు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అరగంటలో ఖాజీగారు ప్రకటించారు, కాసేపటికి రేడియోలో వచ్చింది. మర్నాడు తీరమంతా ఉపవాసం ఉంది. బజారులో నన్ను ఆపి మరీ చెప్పించుకునేవాళ్లు. చెప్పినప్పుడల్లా నెలవంకకు కాస్త మెరుగు పెట్టాను.

తొమ్మిదో ఉపవాసం నాడు బావ రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండుసార్లూ వలలో నాచు తప్ప ఏమీ లేదు. మబ్బు నీడను చూసి చేపల గుంపు అనుకున్నాడు. ఉపవాసం నీరసం అని అందరూ సర్దుకున్నారు. ఆ సాయంత్రం మేమిద్దరం ఒడ్డున బోర్లించిన పడవ దగ్గర ఖర్జూరాలు పట్టుకుని, ఉపవాసం విడవడానికి మసీదు బాంగు పిలుపు కోసం చూస్తున్నాం. అవతల రేవు స్తంభానికి దీపం వెలిగింది. బావ దాన్నే చూస్తున్నాడు. ఒక కన్ను చేత్తో మూసుకున్నాడు, తర్వాత రెండో కన్ను.

"అవరాన్, ఆ దీపం పక్కన నీకేం కనిపిస్తోంది?"

"ఏముంటుంది, పురుగులు."

"సన్నగా, వంపు తిరిగి, తెల్లటి గీత ఒకటి లేదూ?"

లేదన్నాను. సరిగ్గా చూడమన్నాడు. చూశాను. దీపం దీపంలాగే ఉంది. ఆయన కంటి మీంచి చెయ్యి దించాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. కుడి కన్ను మసకబారి ఏడాది దాటిందట. ఎవరికీ చెప్పలేదు. కాకులు, కొంగలు ఎటు వాలుతున్నాయో చూసుకుని, నీటి వాసన పట్టుకుని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. దీపాన్ని గానీ చుక్కను గానీ చూస్తే పక్కన వంపు గీత ఒకటి కనిపిస్తోంది. ఆ రోజు మబ్బు సందులో కనిపించింది కూడా అచ్చం అలాంటిదే.

"ఏ చుక్కో అయ్యుంటుంది" అన్నాడు. అంతలోనే నా వైపు తిరిగాడు. మొహంలో ఏదో ఆశ. "పోనీలే, నువ్వూ చూశావుగా. జీపు దగ్గర చెప్పావుగా."

అప్పుడే బాంగు వినిపించింది. నేను గబుక్కున ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను, నమిలినంతసేపైనా జవాబు చెప్పక్కర్లేదని. ఆయన తినలేదు, నన్నే చూస్తున్నాడు. గింజ కూడా ఉమ్మేశాక ఇక దారి లేకపోయింది.

"లేదు బావా, నేను చూడలేదు. ఊరికే అన్నాను."

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చేతిలో ఖర్జూరాన్ని అలాగే జేబులో వేసుకుని లేచి నీళ్ల వైపు నడిచాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు.

నాకు తోచిన ఓదార్పు నేను చెప్పాను. జరిగిందేదో జరిగింది, జనం ఒక రోజు ముందుగా ఉపవాసం మొదలుపెట్టారనుకో, పుణ్యమే కదా, ఎవరికేం నష్టం అన్నాను.

"మొదలు గురించి కాదురా నా బాధ. చివర సంగతి చూడు. నా లెక్కన ముప్పై రోజులు నిండగానే పండగ చేసేస్తారు. నాది తప్పయితే, అది ఇంకా ఉపవాసం ఉండాల్సిన రోజు. ఈ తీరంలో పిల్లా జెల్లా అందరి చేతా తినిపించినవాణ్ణి నేనవుతాను."

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. 

"అదొక్కటే కాదు. ఖాజీగారు నాతో కలిమా చెప్పించి, కళ్లు ఎలా ఉన్నాయని అడిగారు. పడవలో చేపలు చూసేది నేనేనండీ అన్నాను. బాగున్నాయనలేదు, బాగాలేవనీ అనలేదు. కలిమాను అడ్డం పెట్టుకుని దాని వెనకాల దాక్కున్నానురా."

ఆ తర్వాత రెండు వారాలు ఆ మనిషి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ఇఫ్తార్‌కి మా అక్క పత్తిరి అనే బియ్యపు రొట్టె, చేపల కూర పెడితే రెండు ముక్కలు తుంచి లేచిపోయేవాడు. నమాజులో కూర్చున్నప్పుడు, సాక్ష్యం పలికే చోట చూపుడు వేలు లేపాలి. ఆయన వేలు సగం లేచి ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచీ నమాజు చేసేవాడు. ఒకనాడు నాలుగుసార్లు చేశాడు. మసీదు ఊడ్చే ముసలాయన చీపురు పట్టుకుని నిలబడి, ఇతగాడు ఇవాళ అల్లాను కూడా ఇంటికి పోనిచ్చేటట్టు లేడని గొణిగాడు. మసీదులో పాఠాలు చెప్పే ఉస్తాద్‌ని పట్టుకుని, ఎవరో ఒకడు ఇలా చేస్తే వాడి ఈమాన్, అంటే విశ్వాసం, ఉంటుందా పోతుందా అని డొంకతిరుగుడుగా అడిగేవాడు. ఎవరతను అని ఉస్తాద్ అంటే వచ్చిన దారినే జారుకునేవాడు.

అన్నిటికంటే ఘోరం పడవ మీద. వల దించే ముందు ఆయన నోరు విప్పడం మానేశాడు. మొదటిరోజు మేమంతా ఆయన అంటాడని వల చేతుల్లో పట్టుకుని ఆగాం. ఆయన నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. "ఇంబిచ్చాలిక్కా, ఏమైంది" అని కుంజిమోయి అరిచాడు, ఇక్కా అంటే మాకు అన్న. ఇక లాభం లేదని నేనే అన్నాను, కలిమా. రోజూ నలభైసార్లు అనే మాటే. నా నోటి నుంచి వస్తే ఎవరూ అందుకోలేదు, అందరూ బావ మొహమే చూశారు. ఆ రోజు నాకు చెప్పలేనంత కోపం వచ్చింది ఆయన మీద. ఒక మసక కన్ను కోసం ఇంత రాద్ధాంతమా అనిపించింది.

ఖాజీగారి దగ్గరికి వెళ్లి చెప్పేస్తానని మూడుసార్లు బయల్దేరాడు. మొదటిసారి వంతెన దాకా వెళ్లి తిరిగొచ్చాడు. రెండోసారి బస్సెక్కి, ఖాజీగారి ఊళ్లో దిగి, అదే బస్సులో తిరిగొచ్చాడు. మూడోసారి గేటు దాకా వెళ్లి, లోపల జనం ఉన్నారని సాకు చెప్పాడు. నిజం చెప్పొద్దూ, వెళ్లనీయకుండా చేయడానికి నేను కూడా చెయ్యని ప్రయత్నం లేదు. కళ్ల సంగతి బయటపడితే కుంజిమోయి నిన్ను ముందు కొసన నిలబెట్టడు, అక్క మొహం చూడు, ఈ వయసులో నీకు ఇంకో పని ఏం చేతనవుతుంది అన్నాను. అవన్నీ నిజాలే. కానీ అసలు భయం నాది. ఆయన నోరు విప్పితే నా జీపు మాట కూడా బయటికొస్తుంది.

ఇరవై నాలుగో ఉపవాసం నాడు మా అక్క ఆయన చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిద్రలో ఆయన కలిమా మొదలుపెట్టి సగంలో ఆపేస్తున్నాడట, రోజూ వింటోందట. "ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్లి రా. అది పూర్తిగా అనగలిగితేనే ఇంటికి రా" అంది. నన్ను కూడా తోడు పంపింది. నేను తోడుకు కాదు, ఆపడానికి వెళ్లాను.

ఖాజీగారు చాప మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. బావ వంగి సలాం చెప్పి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు. కన్ను, దీపం, వంపు గీత, పడవలో చేపలు చూసేది నేనేనండీ అన్న మాట, అన్నీ చెప్పేశాడు. ఆఖరికి ఆయన అడగదలుచుకున్నది అడిగాడు. నేను ముందు కలిమా పెట్టి వెనక అబద్ధం పెట్టాను, నా కలిమా ఉందా, పోయిందా అని.

ఖాజీగారు కలం పక్కన పెట్టారు. ఆ సాయంత్రం ఒడ్డు మీద చెయ్యెత్తినప్పుడు చూశావనే అనుకున్నావా అని అడిగారు. అనుకున్నానన్నాడు. ఇప్పుడు చూడలేదని తెలుసా అని అడిగారు. తెలియదు అన్నాడు బావ, ఏడుపు గొంతుతో. తెలిస్తే బాగుండును గానీ తెలియదు అన్నాడు.

"అయితే నెలవంక సంగతి వదిలెయ్. ఆ మాట విని తీర్పు చెప్పింది నేను. ముప్పై నిండితే పండగ చేసుకోవచ్చని శాస్త్రం ఒప్పుకుంటుంది. అయినా ఈసారి ముప్పయ్యో సాయంత్రం కూడా అందరం చూద్దాం. కనపడకపోతే ఏం చెయ్యాలో ఆలోచించే బరువు నాది, నీది కాదు."

బావ ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. పీల్చుకోలేదు. నిలబడే ఉన్నాడు. ఖాజీగారు ఆయన్ని కూర్చోబెట్టి, కలిమాలో మొదటి మాట ఏంటి అని అడిగారు. లా అన్నాడు బావ. లేదు అని.

"అవును. ఉన్నాడు అనడానికి ముందు లేదు అనమన్నారు. ఎందుకనుకున్నావు? మనిషి లోపల చాలామంది దేవుళ్లు కూర్చుని ఉంటారు. ముందు వాళ్లని లేపి పంపించాలి. ఆ సాయంత్రం నువ్వు నోటితో లేదు అన్నావు. నీ కళ్లకున్న పేరును మాత్రం లేపలేదు, పడవలో నీ చోటును లేపలేదు. వాటికి భయపడ్డావు. ఎవరికి భయపడతామో వాళ్ల మాటే వింటాం కదా."

బావ తల వంచుకున్నాడు. గడ్డం మీద కన్నీళ్లు కనిపించాయి. ఖాజీగారి గొంతు కూడా మెత్తబడింది. కలిమా కుండలాంటిది కాదు పగిలిపోవడానికి అన్నారు. చూడని దానికి సాక్ష్యమివ్వడం అది. దానికి కళ్లు అక్కర్లేదు, నీకూ నాకూ ఈ విషయంలో చూపు ఒక్కటే అన్నారు. మళ్లీ చెప్పు, ఈసారి ఆ లేదు దగ్గర తొందరపడకు అన్నారు.

బావ చెప్పాడు. లా దగ్గర ఎంతసేపు ఆగాడో.  పూర్తిచేశాక, ఎవరూ అడగకుండానే, "నా కళ్లు బాగాలేవు, ఇందుకు సాక్ష్యమిస్తున్నాను" అన్నాడు. ఖాజీగారు తలూపారు. ఆ రెండో మాట నాకు చెప్పి లాభం లేదు, నీ మాట మీద ఉపవాసం మొదలుపెట్టినవాళ్లకు చెప్పు అన్నారు. నా వైపు మాత్రం ఆయన చూడలేదు. నేను గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ ఉండిపోయాను.

ఆ వారం శుక్రవారం నమాజు అయ్యాక బావ మసీదులో లేచి నిలబడ్డాడు. కలిమా చెప్పి, ఏడాదిగా తన కన్ను మసక అని, చూసిందేమిటో తనకే తెలియదని, ముప్పయ్యో సాయంత్రం ఎవరి కళ్లతో వాళ్లు చూసుకోవాలని చెప్పి కూర్చున్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరి తలలూ నా వైపు తిరిగాయి. జీపు దగ్గర నేను చేసిన ప్రసంగం విననివాడు ఊళ్లో ఎవడున్నాడు?

మర్నాడు కుంజిమోయి కబురు పెట్టాడు. చెడ్డవాడు కాదు, గొంతు తగ్గించే చెప్పాడు. ఇక్కా, ఇక వెనకాల వల దగ్గర కూర్చోండి, ముందు వేరే కుర్రాణ్ణి పెడతాను అన్నాడు. బావ సరేనన్నాడు. నలభై ఏళ్లు ముందు కొసన నిలబడ్డ మనిషి వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద తడి వల వేసుకుని కూర్చున్నాడు.  కానీ వల దించేటప్పుడు, ఆ వెనక నుంచి, ఆయన గొంతు లేచింది. లా ఇలాహ ఇల్లల్లాహ్. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి మరీ అందుకున్నారు.

ఎగతాళి అంతా నా వాటాకే వచ్చింది. రేవులో బుట్టలు మోసేవాళ్లు నన్ను చూడగానే, అవరానిక్కా, ఇవాళ సూర్యుడు పొడిచాడంటారా, మీరు చూస్తే చెప్పండి అనేవాళ్లు. చేపలు కొనే ఆడవాళ్లు కూడా ఇది చేపేనా, ముందు కలిమా చెప్పి అమ్ము అనేవాళ్లు. నేను తిట్టాను, అరిచాను, ఒకడి మీదికి చెయ్యి కూడా ఎత్తాను. ఏం చేసినా లోపల మండుతూనే ఉంది. బావ వల బాగుచేసుకుంటూ నిమ్మళంగా కనిపిస్తుంటే నాకు ఇంకా మండేది. ఆయన తిరుగుడంతా నా కాళ్లకు వచ్చి చుట్టుకుంది.

ఇరవై తొమ్మిదో సాయంత్రం వాన. ఎవరికీ ఏమీ కనపడలేదు. ముప్పయ్యో సాయంత్రం మబ్బు విడిచింది. ఇఫ్తార్ ముగించుకుని ఊరంతా ఒడ్డున నిలబడింది. పడమట ఆకాశం కడిగినట్టుంది. ఇంత తేటగా ఉన్న ఆకాశంలో కనపడకపోతే బావది తప్పని తేలినట్టే. కనపడితే ఏమీ తేలదు, ఉపవాసాలు ముప్పై అయ్యాయా ఇరవై తొమ్మిదేనా అన్నది అల్లాకే తెలియాలి. అయినా సరే, కనపడాలని నా గుండె కొట్టుకుంటోంది. బావ నా పక్కనే నిలబడ్డాడు. ఆయన ఆకాశం వైపు చూడడం లేదు.

ఉన్నట్టుండి ఉత్తరం వైపు గుంపులోంచి కేక లేచింది. అదిగో, అదిగో. చేతులు లేచాయి. పది మంది, ఇరవై మంది, అందరూ చూపిస్తున్నారు. నేను కూడా చెయ్యెత్తేశాను. "కనపడింది బావా, కనపడింది" అన్నాను ఆయన భుజం పట్టుకుని ఊపేస్తూ.

ఆయన నా మొహం వైపు తిరిగాడు. కుడి కంట్లో చూపు నిలవడం లేదు. రెండోది నన్నే పట్టుకుంది.

"కలిమా చెప్పి చెప్పు" అన్నాడు.

కోపంగా అనలేదు, వెక్కిరింతగానూ అనలేదు. ఖాజీగారు ఎలా అడుగుతారో అలా అడిగాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. ఎందుకంటే నేను చూడలేదు. అందరూ అరిచారని అరిచాను, అందరూ చెయ్యెత్తారని ఎత్తాను. ఆ రోజు జీపు దగ్గర ఎలా అన్నానో ఇవాళా అలాగే అన్నాను. ఊరందరిలో నేనొక్కణ్ణి చూడకపోతే లోకం మునిగిపోదు, చుట్టూ చూసినవాళ్లు అంతమంది ఉన్నారు. అయినా చెప్పబోయాను. లా దగ్గరే నాలుక అంటుకుపోయింది. నా లోపల ఎవరు కూర్చున్నారో నాకు కనిపించింది, జీపు బానెట్ మీద చెయ్యేసుకుని.

చెయ్యి దించేశాను. "ఉండు బావా" అన్నాను.

ఆకాశం కేసి చూశాను. అటు చూడు, ఆ దూరపు పడవ పైన, కాదు ఇంకా కింద అని పక్కవాళ్లు చెబుతున్నారు. నేను వాళ్ల వేళ్లు చూడడం మానేశాను. సూర్యుడు దిగిన చోటు నుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం వెతికాను. కళ్లు నీళ్లు కారాయి, తుడుచుకుని మళ్లీ వెతికాను. చుట్టూ అల్లాహు అక్బర్ అంటూ తక్బీర్ మొదలైంది. పిల్లలు ఇళ్లకు పరిగెడుతున్నారు. బావ కదలకుండా నా పక్కన నిలబడి ఉన్నాడు, నాకోసం ఆగి. ఎంతసేపయిందో తెలియదు. ఎర్రదనం తగ్గి ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతుండగా కనపడింది. గోరు కత్తిరించిన ముక్కంత. ఒకసారి రెప్ప వేసి చూశాను. ఉంది. తల పక్కకు వంచి చూశాను. ఉంది.

అప్పుడు కలిమా చెప్పాను. నలభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి చెబుతున్నట్టుగా, ఒక్కొక్క మాటా పట్టుకుని చెప్పాను.  పూర్తయ్యాక, "చూశాను బావా, ఇప్పుడు నిజంగా చూశాను" అన్నాను.

బావ అటువైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

"సరే, పద. నీ మాట మీద రేపు పండగ చేసుకుంటాను" అన్నాడు.